కులం, మతం చూసి అంగట్లో కాదంటే: తేడాను పట్టుకోవడం, ఫిర్యాదు నిలబెట్టడం ఎలా?

"మా ఊరి హోటల్లో మాకు ప్లాస్టిక్ గ్లాసు, మిగతావాళ్ళకు స్టీలు గ్లాసు. కేసవుతుందా?" "ఆధార్ కార్డు చూశాక రూం ఖాళీ లేదన్నారు, ఎవరికి చెప్పాలి?" "ఫోన్‌లో ఫంక్షన్ హాలు ఖాళీగా ఉందన్నారు, పేరు చెప్పగానే బుక్కయిపోయిందన్నారు." కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే మొదటి పది నిమిషాల నుంచి ఎఫ్‌ఐఆర్ తర్వాత దాకా ఏం చేయాలో ఒకచోట రాస్తున్నాం.

యజమాని మనసులో ఏముందో మీరు నిరూపించనక్కర్లేదు, ఎవరూ నిరూపించలేరు కూడా. మీరు చూపించాల్సింది తేడా ఒక్కటే. అదే అంగడి, అదే పూట, అదే డబ్బు; ఇంకొకరికి దొరికింది, మీకు దొరకలేదు. ఈ తేడా కాగితం మీదికి ఎక్కకపోతే ఎంత న్యాయమైన కోపమైనా స్టేషన్ గడప దగ్గరే ఆగిపోతుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- టైం, తేదీ సరిగ్గా ఉన్న ఫోన్. వాయిస్ రికార్డర్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.
- ఒక నోటు పుస్తకం. విడి కాగితాలు పోతాయి.
- ఎస్సీ, ఎస్టీలైతే కుల ధ్రువీకరణ పత్రం కాపీ. లేకపోతే గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పత్రం చేతికొచ్చేదాకా ఫిర్యాదు ఆపొద్దు, తర్వాత ఇచ్చినా చెల్లుతుంది.
- మీతో ఉన్నవారు, పక్కన చూసినవారు కనీసం ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు.
- ఈ నంబర్లు: పోలీసు 112, ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల జాతీయ హెల్ప్‌లైన్ 14566, ఉచిత న్యాయ సహాయం 15100, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

1. అక్కడికక్కడే: గొడవ వద్దు, మాట రాబట్టండి

కాదన్న క్షణంలో అడగాల్సింది ఒక్క ప్రశ్న: "ఎందుకు లేదన్నా?" మామూలు గొంతుతో అడిగి, జవాబు వినండి. "మీవాళ్ళకు ఈడ కటింగ్ చెయ్యం, టౌన్‌కు పోండి" అన్నాడా, "మిషను పనిచెయ్యట్లేదు" అన్నాడా, ఏమీ అనకుండా తల తిప్పుకున్నాడా అన్నది మొత్తం కేసుకు పునాది. "మేము ఫలానా కులమని చెయ్యవా?" అని మీరే అడగొద్దు. ఆయన నోటి నుంచి రావాల్సిన మాట మీ నోటి నుంచి వస్తే రేపు కోర్టులో ఆయన వకీలు దాన్నే పట్టుకుంటాడు.

మీరు పాల్గొన్న సంభాషణను మీ ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. ఫోన్ ఆయన మొహం మీద పెట్టకండి. జేబులో ఉన్నా ఆడియో సరిపోతుంది.

ఏమైనా తిని ఉంటే, తాగి ఉంటే బిల్లు పూర్తిగా కట్టేయండి, వీలైతే ఫోన్‌పే, గూగుల్‌పేలో. ఆ రసీదులో అంగడి పేరు, తేదీ, నిమిషం వరకూ పడతాయి. మీరు ఆ టైంలో అక్కడ ఉన్నారనడానికి అంతకంటే చవకైన సాక్ష్యం లేదు. పైగా "డబ్బులివ్వకుండా గలాటా చేశారు" అనే ఎదురు కేసుకు అడ్డుకట్ట కూడా. ఆ ఎదురు కేసు మామూలుగా వచ్చేదే. అందుకే గ్లాసు విసరడం, కౌంటర్ మీద కొట్టడం, "నీ అంతు చూస్తా" అనడం పూర్తిగా మానండి.

మీ మీద చెయ్యి పడితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి బయటికొచ్చి 112కు ఫోన్ చేయండి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళి దెబ్బలు నమోదు చేయించుకోండి.

2. అదే రోజు రాసుకోండి

ఇంటికి వెళ్ళిన గంటలోపు నోటు పుస్తకంలో రాయండి: తేదీ, టైం, ఎవరెవరు వెళ్ళారు, ఏం అడిగారు, ఎవరు జవాబిచ్చారు (యజమానా, పనివాడా), అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, అదే సమయంలో ఇంకెవరికి ఏం ఇచ్చారు, ఎవరు చూశారు. అన్న మాట బూతైనా, యాసైనా దిద్దొద్దు. "అవమానకరంగా మాట్లాడారు" అని రాస్తే పనికిరాదు, ఏమన్నాడో అదే రాయాలి.

మీతో వచ్చినవాళ్ళు ఎవరికి వారు రాసుకోవాలి. అందరూ ఒకే వాక్యాలు రాస్తే కూడబలుక్కున్నట్టు కనిపిస్తుంది. చిన్న చిన్న తేడాలుండటం సహజం, అవి ఉండనివ్వండి.

రికార్డింగును వాట్సాప్‌లో పంపి, ఫోన్‌లో ఉన్నది చెరిపేయడం చాలామంది చేసే తప్పు. వాట్సాప్ వీడియోను కుదిస్తుంది, అసలు ఫైలు వివరాలు పోతాయి. అసలు ఫైలు అదే ఫోన్‌లో ఉంచి, ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసుకోండి. 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కాపీతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అది వకీలు చూసుకుంటాడు, మీరు అసలు ఫోన్‌ను అమ్మకుండా, ఫార్మాట్ చేయకుండా ఉంటే చాలు.

వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టాలన్న ఆత్రం అర్థమయ్యేదే. ఎఫ్‌ఐఆర్ అయ్యేదాకా ఆగండి. ముందే పెడితే అవతలివాళ్ళు పాత్రలు, బల్లలు, సీసీ కెమెరా ఫుటేజీ అన్నీ సర్దుకుంటారు. కింద కామెంట్లలో ఎవరో ఇంకో కులాన్నో మతాన్నో తిడితే ఆ తలనొప్పీ మీకే.

3. తేడా తేల్చే పరీక్ష

తొందరపడకుండా చేయాల్సిన పని ఇది. ఒక్కసారి కాదన్నంత మాత్రాన అది వివక్ష కాకపోవచ్చు. నిజంగా గది ఖాళీ లేకపోవచ్చు, పిండి అయిపోయి ఉండొచ్చు. అందుకే పోల్చి చూడాలి.

*పట్టణంలో లాడ్జి, హోటల్, సెలూన్:* మిమ్మల్ని కాదన్న పదిహేను నుంచి ముప్పై నిమిషాల లోపు ఇంకొకరిని పంపండి. వయసు, బట్టలు, మనుషుల సంఖ్య, అడిగే సేవ, చూపే గుర్తింపు కార్డు రకం, అన్నీ మీలాగే ఉండాలి. తేడా ఒక్కటే: పేరు, లేదా గడ్డం, బురఖా, బొట్టు, శిలువ లాంటి పైకి కనిపించే గుర్తు. ఆ మనిషికి దొరికితే రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ మీ వైపు మనిషి ఇంకొకరు వెళ్ళాలి. ఒకసారి కాదు, అవును, మళ్ళీ కాదు అని వచ్చిన వరుసకు "అప్పుడే ఖాళీ అయింది" అనే సాకు నిలవదు.

కడపలోనైనా ఆదోనిలోనైనా సెలూన్‌ను మంగళవారం పరీక్షించకండి. చాలా చోట్ల ఆ రోజు సెలవే.

*ఫంక్షన్ హాలు, కల్యాణ మండపం:* ఫోన్ మీదే తేలిపోతుంది. మీ పేరుతో ఒక ఫోన్, అరగంటకు ఇంకో పేరుతో వేరే నంబరు నుంచి, మళ్ళీ మీ పేరుతో. అదే తేదీ, అంతే మంది. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత అన్నవి కూడా రాసుకోండి. హాలు ఇస్తామంటూనే మీకు రెట్టింపు చెప్పడం కూడా తేడానే. గట్టి ముహూర్తం రోజున హాళ్ళు నిజంగానే నిండి ఉంటాయి కాబట్టి అదనంగా ఆషాఢంలోనో మూఢంలోనో ఒక రోజుకు అడిగి చూడండి. పెళ్ళిళ్ళు లేని రోజున కూడా మీ ఒక్కరికే హాలు నిండిపోయిందంటే ఇక అనుమానమేముంది. చివర్లో "ఆ తేదీకి ఖాళీ లేదని ఒక మెసేజ్ పెట్టండన్నా, ఇంట్లో చూపించాలి" అనండి. పెడితే అదే రాతపూర్వక సాక్ష్యం.

*పల్లెలో టీ హోటల్, బంకు:* ఇక్కడ పై పద్ధతి పనిచేయదు, ఎవరు ఏ వీధివాళ్ళో అందరికీ తెలుసు. పరీక్ష బదులు గమనించడమే. పొద్దున ఉగ్గాని, బజ్జీల వేళ ఒక గంట ఎదురుగా కూర్చుని రాయండి: ఎంతమందికి స్టీలు గ్లాసు, ఎంతమందికి వాడి పడేసే కప్పు, ఎవరు బల్ల మీద కూర్చున్నారు, ఎవరు బయట నిలబడి తాగారు, తాగిన గ్లాసు ఎవరు కడిగారు. రెండు రకాల గ్లాసులు రెండు చోట్ల బోర్లించి ఉంటే ఫొటో తీయండి.

రెండు గ్లాసుల పద్ధతి చాలాచోట్ల ఇప్పుడు వేషం మార్చింది. పాతరోజుల్లా చూరులో వేలాడదీసిన గ్లాసు కనపడదు, దాని స్థానంలో కాగితం కప్పు వచ్చింది. అందరికీ కాగితం కప్పులైతే అది శుభ్రత. ఒక వీధివాళ్ళకే అయితే నేరం. "టీ ఇస్తున్నాం కదా" అనే జవాబు చెల్లదు. 1955 పౌర హక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ వివరణలోనే అంటరానితనం పేరుతో చూపే ఏ వివక్షైనా అందులోకి వస్తుందని ఉంది.

*వివక్ష కానివి:* శాకాహారం మాత్రమే వండటం, హలాల్ మాంసమే అమ్మడం లేదా అసలు అమ్మకపోవడం, లాడ్జిలో అందరి దగ్గరా గుర్తింపు కార్డు అడగడం, తాగి వచ్చినవారిని పంపేయడం, మూసే వేళకు కాదనడం. ఇవి అందరికీ ఒకేలా వర్తించినంతవరకు తప్పు పట్టలేం. ఒకరికే వర్తిస్తే మాత్రం నియమం అనేది వట్టి సాకు. ఉదాహరణకు "పెళ్ళి కానివారికి రూం ఇవ్వం" అనే లాడ్జి, వేర్వేరు మతాల పేర్లున్న దంపతులను పెళ్ళి సర్టిఫికెట్ చూపించినా పంపేస్తే అది రెండో రకం.

4. అంగడి ఎవరిదో తేల్చండి

"శ్రీనివాస హోటల్ ఓనరు" అని రాస్తే ఆ పేరుతో జిల్లాలో యాభై ఉంటాయి. తినుబండారాల అంగళ్ళలో ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) లైసెన్సు కాగితం గోడకు ఉండాలి, దాని మీద 14 అంకెల నంబరు ఉంటుంది. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే అది 15 అక్షరాలు, అంకెలు. ఈ రెండింటిలో ఏది దొరికినా ఫొటో తీయండి, లైసెన్సు ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. యూపీఐ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే పేరు కూడా రాసుకోండి. కాదన్నది పనివాడైతే అతని పేరూ, యజమాని పేరూ రెండూ ఉండాలి.

సీసీ కెమెరా ఉందా, ఎటువైపు చూస్తోంది అన్నది గమనించండి. చిన్న అంగళ్ళ కెమెరాల్లో పాత ఫుటేజీ మీద కొత్తది కొన్ని రోజుల్లోనే ఎక్కేస్తుంది. అందుకే ఫిర్యాదులోనే "ఫుటేజీ వెంటనే స్వాధీనం చేసుకోవాలి" అని ఒక వాక్యం పెట్టాలి.

5. మీ దారి ఏదో ఎంచుకోండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మీరెవరు, ఎందుకు కాదన్నారు అన్నదాన్ని బట్టి చట్టం మారుతుంది.

*ఎస్సీ, ఎస్టీలు (మాల, మాదిగ, సుగాలి, యానాది, ఎరుకల, చెంచు తదితరులు):* రెండు చట్టాలున్నాయి. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(జెడ్‌ఏ)(డి) కింద అంగడి, ఆసుపత్రి, వినోద స్థలం, ఇంకే బహిరంగ ప్రదేశంలోకైనా రాకుండా అడ్డుకోవడం, అందరూ వాడే పాత్రలు వాడనివ్వకపోవడం నేరం. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళు, జరిమానా. 2015 సవరణతో వచ్చిన ఈ సెక్షన్ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. నలుగురి కంటపడే చోట కులం పేరుతో దూషిస్తే 3(1)(ఎస్), కావాలని అవమానిస్తే 3(1)(ఆర్). నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకూడదు.

రెండోది 1955 చట్టం. అంగడి, హోటల్ ప్రవేశానికి 4వ సెక్షన్, సరుకు అమ్మకపోవడానికి, సేవ చేయకపోవడానికి 6వ సెక్షన్. శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా 100 నుంచి 500 రూపాయలు. శిక్ష చిన్నదని దీన్ని వదిలేయకండి. ఇందులో "అంగడి" అంటే తోపుడు బండి, చాకలి అంగడి, కటింగ్ షాపు, సేవలందించే ఏ చోటైనా సరే అని విడమరచి రాశారు. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం: బాధితుడు ఎస్సీ అయితే, కాదని రుజువయ్యేదాకా ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు అనుకోవాలి. రుజువు చేసుకునే బరువు అవతలివారి మీదికి పోతుంది. శిక్ష పడ్డాక అంగడి లైసెన్సు రద్దుకు 8వ సెక్షన్ దారి చూపుతుంది. కాబట్టి ఫిర్యాదులో రెండు చట్టాలూ అడగండి.

*చర్చికి వెళ్ళే దళితులు:* 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. మీరు క్రైస్తవులనే వాదన అవతలివారు వేసే మొదటి ఎత్తు అని గుర్తుంచుకోండి. 1955 చట్టం 4వ సెక్షన్ మాత్రం "ఏ వ్యక్తి మీదైనా" అంటరానితనం పాటించడాన్ని శిక్షిస్తుంది, బాధితుడు ఎస్సీ అయి ఉండాలని అనదు. కాకపోతే 12వ సెక్షన్ ఇచ్చే ఊతం దొరకదు కాబట్టి, 3వ మెట్టులో చెప్పిన పోలిక సాక్ష్యం మీకు తప్పనిసరి. ఎస్టీల హోదాకు మతంతో పని లేదు.

*ముస్లింలు, క్రైస్తవులు, ఇతర మతాలవారు:* నిజం దాచకుండా చెప్పాలంటే, మతం చూసి మౌనంగా "లేదు" అన్న వ్యాపారిని నేరుగా శిక్షించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగం 15(2) అధికరణ మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు చూసి అంగళ్ళు, హోటళ్ళలోకి రానివ్వకపోవడాన్ని నిషేధించింది. ఇది ప్రైవేటు వ్యాపారులకూ వర్తిస్తుంది. అక్కడి "అంగడి" అనే మాటను విశాలంగా చదవాలని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. శిక్ష మాత్రం అందులో రాసి లేదు.

క్రిమినల్ కేసుకు ఇంకేదైనా తోడవ్వాలి. "ఫలానా మతంవారికి ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టినా, వాట్సాప్ గ్రూపులో "వాళ్ళకు అమ్మొద్దు" అని ప్రచారం చేసినా భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 196, 197 సెక్షన్లు చూడాలి. ఒక మతం, కులం, భాష, ప్రాంతం వారికి పౌర హక్కులు ఉండకూడదని ప్రకటించడం 197(1)(బి) కిందికి వస్తుంది, మూడేళ్ళ వరకు జైలు. మొహం మీద మతాన్ని తిడితే అదే సంహితలోని 302 (పాత ఐపీసీలోని హత్య సెక్షన్ కాదు). అందుకే మీ విషయంలో బోర్డు ఫొటో, మెసేజ్ స్క్రీన్‌షాట్ (పంపినవారి నంబరు, తేదీ కనిపించేలా) మిగతా అన్నిటికంటే విలువైనవి. అవేవీ లేకపోతే 8వ మెట్టు చూడండి.

*వేరే రాష్ట్రాలవారు:* కర్నూలు ట్రిపుల్ ఐటీలోనో అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీలోనో చదివే ఈశాన్య రాష్ట్రాల పిల్లలను మొహం చూసి పంపేసినా దారి ఇదే. 15(2)లో జాతి, పుట్టిన చోటు రెండూ ఉన్నాయి.

6. ఫిర్యాదు రాయడం

ఒక పేజీ, ఎక్కువైతే రెండు. ఉపన్యాసం వద్దు. ఎస్సీ వ్యక్తి టీ హోటల్ మీద ఇచ్చే ఫిర్యాదు ఇలా ఉంటే సరిపోతుంది:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి, …… పోలీస్ స్టేషన్.

నా పేరు ……, వయసు ……, …… గ్రామం, …… మండలం. నేను షెడ్యూల్డ్ కులానికి (……) చెందినవాడిని, హిందువుని. …… తేదీ ఉదయం …… గంటలకు నేను, …… కలిసి …… దగ్గరున్న …… టీ హోటల్‌కు వెళ్ళాము. దాని యజమాని …… ఎస్సీ, ఎస్టీలకు చెందినవారు కారు. మా ఊరివారే, మా కులం ఆయనకు ముందునుంచీ తెలుసు. లోపల బల్లల మీద సుమారు …… మంది స్టీలు గ్లాసుల్లో టీ తాగుతున్నారు. మేము లోపల కూర్చోబోగా ఆయన '……' అని అన్నారు. మాకు మాత్రం కాగితం కప్పుల్లో బయట ఇచ్చారు. ఈ సంగతి ……, …… చూశారు. …… గంటలకు యూపీఐలో …… రూపాయలు చెల్లించాము, రసీదు జతచేస్తున్నాను. హోటల్లో సీసీ కెమెరా ఉంది, ఫుటేజీ వెంటనే స్వాధీనం చేసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌ఏ)(డి), పౌర హక్కుల రక్షణ చట్టం సెక్షన్లు 4, 6 కింద కేసు నమోదు చేయాలని కోరుతున్నాను."

ఇందులో ఏ వాక్యమూ అలంకారానికి పెట్టింది కాదు. మీ కులం, అవతలివారు ఎస్సీ ఎస్టీ కారన్న మాట లేకపోతే కేసు కొట్టేయించుకోవడానికి అదే దారి. కులం ముందే తెలుసన్న వాక్యం 1989 చట్టం 8వ సెక్షన్ కోసం: నిందితుడికి బాధితుడు గానీ ఆ కుటుంబం గానీ తెలిసినవారైతే, కులం కూడా తెలుసని కోర్టు అనుకుంటుంది. చూసినవారి పేర్లు "నలుగురి కంటపడే చోట" అన్నదానికి. ఆలస్యంగా ఇస్తుంటే ఎందుకు ఆలస్యమైందో ఒక వాక్యం రాయండి. కూలిపని, భయం, పెద్దమనుషులు ఆపడం, ఏదైనా ఉన్నది ఉన్నట్టు.

"కులం పేరుతో తిట్టాడని కూడా చేర్చండి, కేసు గట్టిగా ఉంటుంది" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. తిట్టకపోతే రాయొద్దు. ఆ ఒక్క అబద్ధం కోర్టులో అవతలి వకీలు అడిగే క్రాస్ ప్రశ్నల్లో బయటపడితే నిజంగా జరిగిన మిగతాది కూడా దానితోపాటే కూలుతుంది. ఇది మేము ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

7. స్టేషన్‌లో

రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం అడగండి. వెళ్ళిన టైం, మాట్లాడిన అధికారి హోదా రాసుకోండి. సంఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. 2022లో జిల్లాలు విడిపోయాక "అది ఇప్పుడు నంద్యాల జిల్లా", "అది సత్యసాయి జిల్లా" అని తిప్పడం వింటుంటాం. అది కారణం కాదు.

ఇక్కడ పడే అసలు దెబ్బ వేరు. మీ కాగితాన్ని "పిటిషన్" కింద తీసుకుని, రెండు పక్షాలనూ పిలిపించి, నాలుగు మంచి మాటలు చెప్పించి పంపేస్తారు. క్రైం నంబరు లేకపోతే ఎఫ్‌ఐఆర్ లేనట్టే. "క్రైం నంబరు ఎంత సార్?" అన్న ప్రశ్న అడక్కుండా బయటికి రాకండి.

"ముందు విచారణ చేసి చూస్తాం" అంటే: ఎస్సీ, ఎస్టీ చట్టం కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ సెక్షన్ చెబుతోంది. న్యాయ సంహిత 196, 197 లాంటి వాటిలో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలుంది. అప్పుడు పద్నాలుగో రోజు తేదీ రాసుకుని, పదిహేనో రోజు వెళ్ళండి.

కేసు కట్టకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి, రసీదు దాచుకోండి. సోమవారం కలెక్టరేట్‌లోనూ ఎస్పీ ఆఫీసులోనూ జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు, నంబరున్న రసీదు తప్పకుండా తీసుకోండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళే దారి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 173(4), 175(3)లో ఉంది. ఈ వరుస దాటేసి ఒక్కసారిగా హైకోర్టుకు పరిగెత్తితే "ముందు ఎస్పీకి పంపారా?" అనే అడుగుతారు. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కావాలని విధి మరిచిన అధికారికి 4వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. దాన్ని బెదిరింపుగా కాకుండా ఎస్పీకి రాసే లేఖలో ఒక వాక్యంగా పెట్టండి.

8. డబ్బు కట్టి ఉంటే, లేదా క్రిమినల్ కేసు నిలవకపోతే

అడ్వాన్సు తీసుకుని హాలు రద్దు చేశారా? ఆన్‌లైన్‌లో బుక్ చేసిన గదిని కౌంటర్‌లో పేరు చూసి ఇవ్వనన్నారా? అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. ఈ-జాగృతి వెబ్‌సైట్‌లోనూ దాఖలు చేయొచ్చు. ముందు 1915కు ఫోన్ చేసి నంబరు తీసుకుంటే చాలాసార్లు డబ్బు అక్కడే వెనక్కి వస్తుంది. డబ్బు వచ్చినా, అవమానానికి పరిహారం అడిగే హక్కు పోదు. "అన్ని క్లెయిములూ తీరాయి" అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టకండి.

గుమ్మం దగ్గరే కాదంటే, మీరు ఏమీ చెల్లించకపోతే ఈ దారి బలహీనం. అప్పుడు మైనారిటీలైతే రాష్ట్ర మైనారిటీస్ కమిషన్‌కు, లైసెన్సు ఇచ్చిన మున్సిపాలిటీకి పోలిక సాక్ష్యంతో రాయండి. కమిషన్ జైలుకు పంపలేదు గానీ అధికారుల నుంచి నివేదిక తెప్పిస్తుంది, వ్యాపారి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. రేషన్ డీలరైతే సంగతి వేరు, ఆయన ప్రభుత్వ సరుకు పంచుతున్నాడు. తహసీల్దారుకు రాసి, 1967కు ఫోన్ చేయండి.

9. ఎఫ్‌ఐఆర్ చేతికొచ్చాక చూసుకోవాల్సినవి

కాపీ ఉచితం. ఇంటికి వెళ్ళకముందే స్టేషన్ అరుగు మీద కూర్చుని చదవండి. మీరు అడిగిన సెక్షన్లు ఉన్నాయా, లేక ఉత్త తిట్టుకున్న కేసుగా మార్చేశారా? అన్న మాటలు అలాగే ఉన్నాయా, "అసభ్యంగా మాట్లాడి" అని చదును చేశారా? టైం, సాక్షుల పేర్లు సరిపోయాయా? తప్పుంటే అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ డీఎస్పీకి. ఎస్సీ, ఎస్టీ కేసును డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, ఎస్సై ఒక్కడే వచ్చి వాంగ్మూలాలు రాసుకుపోతే అడగండి. ఛార్జిషీటుకు గడువు 60 రోజులు.

ఎస్సీ, ఎస్టీ కేసుల్లో బాధితులకు సాయం విడతలుగా వస్తుంది, కలెక్టరు మంజూరు చేస్తారు, ఎఫ్‌ఐఆర్ కాపీ, కుల పత్రం, బ్యాంకు పాసుపుస్తకం సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో ఇవ్వాలి. విచారణకు, కోర్టుకు వెళ్ళిన రోజులకు దారి ఖర్చు, కూలి కూడా మీకూ మీ సాక్షులకూ వస్తుంది (ఎస్సీ, ఎస్టీ చట్టం కింద వచ్చిన 1995 నిబంధనల్లో 11వది). ఇది అడిగేవాళ్ళు చాలా తక్కువ. సాక్షులు జారిపోవడానికి అసలు కారణం కూలి పోతుందన్న భయమే కాబట్టి బస్సు టికెట్లు దాచి, దరఖాస్తు పెట్టండి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలి. మీ క్రైం నంబరుతో ఒక కాగితం దానికి పంపితే మీటింగు జాబితాలోకి వస్తుంది. నెలాఖరున, 30వ తేదీన, తహసీల్దారు, ఎస్సై పల్లెల్లో జరిపే పౌర హక్కుల దినోత్సవం మీ ఊరికి వస్తే అక్కడ పదిమందిలో చెప్పండి, మినిట్స్‌లో రాయించండి.

10. ఫిర్యాదు తర్వాత ఊరు బిగుసుకుంటే

కూలికి పిలవకపోవడం, ట్రాక్టరు బాడుగకు ఇవ్వకపోవడం, కిరాణా అంగడిలో అప్పు సంగతి అటుంచి, డబ్బిచ్చినా సరుకు ఇవ్వకపోవడం. సామాజిక, ఆర్థిక బహిష్కరణ ఎస్సీ, ఎస్టీ చట్టం 3(1)(జెడ్‌సి) కింద వేరే నేరం. పాత కేసుకు కలిపి చెప్పొద్దు, కొత్త తేదీలతో కొత్త ఫిర్యాదు ఇవ్వండి. రోజూ ఒక్క లైను రాయండి: ఎవరి చేనికి పోతే ఎవరు వద్దన్నారో.

పెద్దమనుషులు రచ్చబండ దగ్గర రాజీ అంటారు. మాట్లాడుకోవడం మీ ఇష్టం, వినడంలో తప్పులేదు. కానీ ఈ నేరాలను రాజీ చేసే అధికారం వారికీ లేదు, ఎస్సైకీ లేదు. ఖాళీ కాగితం మీద గానీ, చదవని స్టాంపు పేపరు మీద గానీ సంతకం, వేలిముద్ర వేయొద్దు. డబ్బు తీసుకుని సాక్ష్యం మార్చితే ఇరుక్కునేది మీరే.

మారిందో లేదో చూడాలంటే ఫిర్యాదైన పదిహేను రోజులకు 3వ మెట్టు మళ్ళీ చేయండి. ఈసారి మిమ్మల్ని గుర్తుపట్టని మనిషిని పంపాలి. మీ ఒక్కరికి భయపడి స్టీలు గ్లాసు ఇచ్చి, పక్క తండా మనిషికి కాగితం కప్పే ఇస్తుంటే ఏమీ మారనట్టే. దాన్నీ తేదీ వేసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి.

పోలీసులు "సాక్ష్యం లేదు, కేసు మూసేస్తున్నాం" అని నోటీసు పంపితే దాన్ని అందుకున్న తేదీ కవరు మీదే రాసుకోండి. మేజిస్ట్రేట్ గానీ ప్రత్యేక కోర్టు గానీ ఆ నివేదికను ఒప్పుకునేలోపు మీ అభ్యంతరం చెబుతూ ప్రొటెస్ట్ పిటిషన్ వేయొచ్చు. వకీలుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఇస్తారు, మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు. వెళ్ళేటప్పుడు నోటీసు, ఎఫ్‌ఐఆర్ కాపీ, మొదటి రోజు నోటు పుస్తకం, రికార్డింగు ఉన్న ఫోన్, నాలుగూ తీసుకెళ్ళండి.